గేరుబాక్సు దించాక ఒక్క ప్లేటే మార్చి ఎక్కించకండి

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది పెట్రోలు జిప్సీ. కొండవీడు ఘాట్ ఎక్కుతుంటే ఇంజను మోత పెరుగుతోంది గానీ బండి ముందుకు లాగడం లేదు. కాలిన వాసన కూడా వస్తోంది. మెకానిక్కు చూసి క్లచ్ పోయింది, గేరుబాక్సు దించాలన్నాడు. ఇంటి దగ్గర సిమెంటు నేల ఉంది, పానాల సెట్టు ఉంది, సాయానికి బావమరిది వస్తానన్నాడు. మేమే చేసుకోగలమా? ఏమేం కొనాలి?
– గోరంట్ల, గుంటూరు

జవాబు: చేసుకోగలరు. ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లలో ఇంటి దగ్గర క్లచ్ మార్చుకోవడానికి జిప్సీ అంత అనువైన బండి ఇంకోటి లేదు. ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దీనిలో గేరుబాక్సుకు అతుక్కుని ఉండదు. వెనక విడిగా వేలాడుతుంది, రెంటినీ ఒక పొట్టి షాఫ్టు కలుపుతుంది. ఆ షాఫ్టు విప్పితే గేరుబాక్సు ఒక్కటే కిందికొస్తుంది. కాకపోతే కొత్తవాళ్లకు ఒక్క ఆదివారం చాలదు. శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టండి, లేత్ షాపు పని పడితే సోమవారం కూడా పోతుందనుకోండి.

విప్పేముందు కేబులు చూడండి. జిప్సీ క్లచ్ కేబులుతో నడిచేది. ప్లేటు అరిగేకొద్దీ, దాన్ని ఫ్లైవీల్‌కు (ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం) అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు వేళ్లు, పెడల్ తొక్కితే వాటిని నొక్కే రిలీజ్ బేరింగు వైపు జరుగుతాయి, దాంతో పెడల్లో ఉండాల్సిన వదులు తగ్గిపోతుంది. ఆ వదులు పూర్తిగా పోతే మీరు కాలు పెట్టకపోయినా క్లచ్ కొంచెం నొక్కి ఉన్నట్టే. మంచి ప్లేటు కూడా అప్పుడు జారుతుంది. పెడల్‌ను కాలితో కాదు, చేత్తో నొక్కి చూడండి. బరువు తగిలేదాకా 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉత్తిగా దిగాలి. దిగకపోతే కేబులు నట్టు సర్ది ఒకసారి ఘాట్ ఎక్కి చూడండి. అయిదు నిమిషాల సర్దుబాటుతో పోయే జబ్బుకు గేరుబాక్సు దించడం దండగ.

వదులు సరిగ్గానే ఉండి ఇంకా జారుతుంటే ఈ పరీక్ష చేయండి. ఖాళీ స్థలంలో బండి టూ హైలో (వెనక చక్రాలకే శక్తి, మామూలు రేంజి), హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, బ్రేకు మీద కాలు ఉంచి, మూడో గేరు వేసి మెల్లగా క్లచ్ వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉందంటే ప్లేటు జారుతున్నట్టే. ఒకసారి చేస్తే చాలు, మళ్లీమళ్లీ చేస్తే మిగిలింది కూడా కాలిపోతుంది. ఈ పరీక్ష ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ శక్తి, నిదానపు లో రేంజి) చేయకండి. లో రేంజిలో చక్రాల బరువు క్లచ్ దాకా తక్కువగా వస్తుంది కాబట్టి జారే క్లచ్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. పాత బండి కొనేటప్పుడు అమ్మేవాళ్లు ఫోర్ లోలో గుట్ట ఎక్కించి చూపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక కొనాల్సినవి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు (గేరుబాక్సు షాఫ్టు కొనను ఇంజను వైపు పట్టుకునేది), ఇంజను వెనక ఆయిల్ సీలు, గేరుబాక్సు ముందు షాఫ్టు సీలు, క్లచ్ కేబులు. ప్లేటు ఒక్కటి మార్చి మిగతావి పాతవే ఉంచేస్తే ఖర్చు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఈ పనిలో కష్టమంతా దించి ఎక్కించడంలోనే ఉంది. ఆర్నెల్లకు రిలీజ్ బేరింగు అరిచినా, సీలు కారినా మళ్లీ అదే దించుడు, అదే ఎక్కించుడు. అరిగిన ప్లేటు కన్నా నూనె తాగిన ప్లేటు ఎక్కువ కనిపిస్తుంది, సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే దానికీ అదే గతి.

గేరు ఆయిలు జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90 రెండు లీటర్లు తీసుకోండి. గేరుబాక్సులో 1.3 లీటర్లు పడుతుంది, మిగిలింది లెవెలుకు పనికొస్తుంది. షాపులో జీఎల్-5 చేతిలో పెడితే వద్దనండి. దానిలోని గంధకం మందులు కొన్ని పాత గేరుబాక్సుల్లో గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తింటాయి. బ్రేక్ క్లీనరు రెండు డబ్బాలు, వేడి తట్టుకునే గ్రీజు చిన్న డబ్బా, ముక్కుకు మాస్కు కూడా జాబితాలో రాసుకోండి.

స్పేర్లు గుంటూరు ఆటోనగర్‌లో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. అట్టపెట్టె చూసి కాదు, లోపలి సామాను చూసి కొనండి. పాత ప్లేటు పక్కన కొత్తది పెట్టి చుట్టుకొలత, మధ్యలో పళ్ల లెక్క, ఆ పళ్లున్న నడిమి భాగం (హబ్) ఎత్తు పోల్చండి. పైలట్ బేరింగుకు దాని మీద చెక్కి ఉన్న నంబరే చీటీ, అది చూపిస్తే ఏ బేరింగు షాపులోనైనా ఇస్తారు. పాత ప్లేటుకే కొత్త లైనింగు రివెట్లు కొట్టి ఇస్తామంటారు. లారీలకు నడుస్తుందేమో గానీ జిప్సీకి మేం వద్దంటాం. లైనింగు కొత్తదైనా హబ్బు స్ప్రింగులు పాతవే. వదులైన స్ప్రింగులతో క్లచ్ వదిలేటప్పుడు బండి వణుకుతుంది.

పని మొదలు. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు తీసేయండి, స్టార్టరు తీగ చాసిస్‌కు తగిలితే నిప్పులు లేస్తాయి. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, చాసిస్ కింద నాలుగు స్టాండులు వేసి నిలబెట్టండి. హాలోబ్రిక్స్ మీద నిలబెట్టకండి, అది పగిలేముందు మీకు చెప్పదు. గేరులో పెట్టాం కదా బండి కదలదులే అనే ధీమా కూడా వద్దు. మధ్య షాఫ్టు విప్పిన క్షణం నుంచి గేరుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది.

క్యాబిన్‌లో గేరు లివరు రబ్బరు తీసి, లోపలి మూతను కిందికి అదిమి ఎడమ వైపు తిప్పితే లివరు పైకి వచ్చేస్తుంది. ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. గేరుబాక్సులో నట్టు పడితే అది తీసే పని క్లచ్ పని కన్నా పెద్దది. తర్వాత కిందికి దిగి ఆయిలు వంచేసి, ముందు షాఫ్టు, మధ్య షాఫ్టు విప్పండి. విప్పేముందు ఫ్లాంజిల మీద రెండు వైపులా కలిపి పెయింటుతో గీత పెట్టండి. అదే వరసలో బిగించకపోతే తర్వాత నేల కింద నుంచి గుర్రుమనే వణుకు మొదలవుతుంది, అది ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టదు.

క్లచ్ కేబులు, రివర్సు లైటు తీగ, స్టార్టరు మోటారు, సైలెన్సరు పైపు బిగింపు, బెల్ హౌసింగు (క్లచ్‌ను కప్పే గంట ఆకారపు తొడుగు) కింది రేకు. ఇవన్నీ మామూలు విప్పుళ్లే. బెల్ హౌసింగు బోల్టుల పొడవులు మాత్రం ఒకటి కావు. అట్ట మీద హౌసింగు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడ గుచ్చండి. పొడవు బోల్టు పొట్టి రంధ్రంలో బిగిస్తే అల్యూమినియం చెవి పగులుతుంది.

గేరుబాక్సును కింద మోసే అడ్డ దూలం (క్రాస్ మెంబరు) విప్పేముందు రెండు జాకీలు కావాలి. ఒకటి గేరుబాక్సు కింద, ఇంకోటి ఇంజను ఆయిలు పాన్ కింద చెక్క అడ్డం పెట్టి. రెండోది లేకపోతే ఇంజను వెనక్కి వాలి ఫైర్‌వాల్‌కు తగులుతుంది, ముందు ఫ్యాను రేడియేటరు కవచానికి రాసుకుంటుంది, రబ్బరు పైపులు లాగుకుపోతాయి. ఆ తర్వాత గేరుబాక్సును నిటారుగా వెనక్కి లాగండి. దాని షాఫ్టు క్లచ్ ప్లేటు పళ్లలోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా బరువు జాకీ మీదే ఉండాలి. సగంలో వాలితే ఆ బరువంతా ప్లేటు హబ్బు మీద పడుతుంది. తీసేటప్పుడు పర్లేదు, ప్లేటు పారేసేదే. ఎక్కించేటప్పుడు ఇదే జరిగితే కొత్త ప్లేటు వంగి, గేర్లు పడనే పడవు.

ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒక్కోటి అర తిప్పు చొప్పున, ఎదురెదురుగా వదులు చేస్తూ పోండి. ఒకే బోల్టు పూర్తిగా తీసేస్తే లోపలి స్ప్రింగు కవరును వంచేస్తుంది. బెల్ హౌసింగులో నల్లటి దుమ్ము ఉంటుంది. కంప్రెసరు గాలి కొట్టకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి.

ఇక్కడ తొందరపడకండి. పాత ప్లేటు చేతిలో పెట్టుకుని చూడండి. రివెట్టు తల నుంచి లైనింగు పైదాకా అర మిల్లీమీటరు కూడా లేకపోతే అరుగుదలే కారణం. లైనింగు మందంగానే ఉండి నల్లగా, జిడ్డుగా మెరుస్తుంటే నూనె తాగింది. ఇంజను ఆయిలైతే కాలిన నలుపు, గేరు ఆయిలైతే కుళ్లిన గుడ్డు వాసన. ఏ సీలు కారిందో అదే చెబుతుంది. ఒకవైపే అరిగి ఉంటే పెడలు తొక్కినా క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం, కేబులు, రిలీజ్ బేరింగును తోసే ఫోర్కు చూడండి.

ఫ్లైవీల్ మీద చేయి వేసి చూడండి. నీలి మచ్చలు, వెంట్రుకల్లాంటి పగుళ్లు, గోరు ఇరుక్కునే గాడి ఉంటే విప్పి లేత్ షాపుకు తీసుకెళ్లండి. నీలి మచ్చ ఉన్నచోట ఇనుము గట్టిపడి ఉంటుంది. లేత్ టూలు దాని మీద ఎగిరి, చూపుకు నున్నగా, తాకితే గుబ్బగా వదిలేస్తుంది. గ్రైండింగు చేయించండి. పగులు లోతుగా ఉంటే ఫ్లైవీల్ మార్చడమే.

పైలట్ బేరింగు తీయడానికి పుల్లరు లేకపోతే, లోపలి రంధ్రంలోకి చక్కగా దూరే గుండ్రటి కడ్డీ సంపాదించండి. రంధ్రం నిండా గ్రీజు కూరి, కడ్డీ పెట్టి సుత్తితో కొట్టండి. వెనక చేరిన గ్రీజు బేరింగును ముందుకు తోస్తుంది. పనయ్యాక గ్రీజు ఆనవాలు లేకుండా తుడవాలి.

బిగింపులో మూడు సంగతులు. కొత్త ప్రెషర్ ప్లేటు మీద తుప్పు పట్టకుండా కంపెనీ నూనె పూత ఉంటుంది, అదీ ఫ్లైవీల్ ముఖమూ బ్రేక్ క్లీనరుతో కడగండి. ప్లేటులో స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు సాధారణంగా గేరుబాక్సు వైపు ఉండాలి. చాలా ప్లేట్ల మీద ఫ్లైవీల్ వైపు ఏదో రాసే ఉంటుంది, చదవండి. మూడోది, ప్లేటు నడి మధ్యన కూర్చోవాలి. సెట్టుతో పాటు ప్లాస్టిక్ అలైన్‌మెంటు పిన్ను ఇస్తే సరే. లేకపోతే పైలట్ బేరింగు లోపలి కొలత ఒక చివర, ప్లేటు పళ్ల లోపలి కొలత ఇంకో చివర ఇచ్చి లేత్ షాపులో ఒక చెక్క కడ్డీ తిప్పించుకోండి. కంటి లెక్కతో మధ్యన ఉంది అనుకుంటే మిల్లీమీటరు తేడాకే గేరుబాక్సు షాఫ్టు దూరదు.

కవరు బోల్టులు చేత్తో ఎక్కించి, నక్షత్రం వరసలో మూడు విడతలుగా 18 నుంచి 28 న్యూటన్ మీటర్ల మధ్య బిగించండి. అలైన్‌మెంటు పిన్ను అప్పుడు తీయండి, ముందే తీయకండి. గేరుబాక్సు షాఫ్టు పళ్లకు గ్రీజు పెసరగింజంత, అదీ వేలితో రుద్ది మిగిలింది తుడిచేయాలి. ఎక్కువైతే తిరుగుతూ ఎగిరి లైనింగు మీదే పడుతుంది. కొత్త రిలీజ్ బేరింగును పెట్రోల్లో కడగకండి, లోపలి గ్రీజు పోతే వారానికే అరుస్తుంది.

ఎక్కించేటప్పుడు గేరుబాక్సును నాలుగో గేరులో పెట్టి, ఒకరు దాన్ని తోస్తుంటే ఇంకొకరు వెనక ఫ్లాంజి మెల్లగా తిప్పాలి. పళ్లు కలిసినప్పుడు అదే జారుకుంటూ వెళ్లి హౌసింగు ఇంజనుకు ఆనుతుంది. వేలెడు సందు మిగిలి ఆగిపోతే బోల్టులతో లాక్కురావద్దు. వెనక్కి తీసి మళ్లీ చూడండి. ప్లేటు మధ్యన లేదు, లేదా గేరుబాక్సు వంకరగా వాలింది. ఈ పనిలో పగిలే హౌసింగు చెవులన్నీ ఆ ఆఖరి వేలెడు సందు దగ్గరే పగులుతాయి.

కేబులు వదులు మళ్లీ 20–30 మిల్లీమీటర్లకు సర్ది, లెవెలు రంధ్రం దాకా గేరు ఆయిలు పోయండి. మొదటి 500 కిలోమీటర్లు ట్రెయిలరు కట్టకండి, ఘాట్లకు పోకండి. లైనింగు, ఫ్లైవీల్ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి.

ప్రశ్న: పాత డీజిల్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్. దీనికి కూడా గేరుబాక్సు ఒక్కటే దించొచ్చా?
– ఉండవల్లి

జవాబు: కుదరదు. విల్లీస్ తరహా జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సు వెనక్కే బోల్టులతో బిగించి ఉంటుంది. రెండూ కలిపి ఒకే దిమ్మగా వస్తాయి, ఇద్దరు మనుషులు చేతుల మీద ఆపే బరువు కాదు. గేరుబాక్సు జాకీ అద్దెకు తెచ్చుకోండి, గొలుసుతో కట్టి దించండి. రెండు షాఫ్టులూ, రెండు మూడు లివర్లూ, స్పీడోమీటరు కేబులూ తీయాలి, రెండు చోట్లా ఆయిలు వంచాలి. ఈ జీపుల్లో హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉంటుంది. వెనక షాఫ్టు విప్పగానే హ్యాండ్‌బ్రేకు లేనట్టే, కాబట్టి చక్రాలకు దిమ్మలు తప్పనిసరి. చైన్ బ్లాకు కట్టడానికి గట్టి దూలం ఉంటే, కొంతమంది మెకానిక్కుల పద్ధతి ఇంకోటి ఉంది. గేరుబాక్సు జోలికి పోకుండా రేడియేటరు తీసి ఇంజనునే ముందుకు లాగడం. ఇంజను మౌంటులు, వెనక సీలు ఎలాగూ మార్చాలనుకుంటే మాకు ఆ దారే నచ్చుతుంది.

ప్రశ్న: హైడ్రాలిక్ క్లచ్ ఉన్న డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి. వారం కిందట కొత్త క్లచ్ వేశారు. ఇప్పుడు రివర్సు వేస్తే కరకరమంటోంది, ఫస్టు గేరు బలవంతంగా పడుతోంది. మళ్లీ దించాల్సిందేనా?
– గొల్లపూడి, విజయవాడ

జవాబు: ముందు పైనుంచి చూడండి, దించడం ఆఖరి మాట. పెడల్ గబగబా నాలుగైదు సార్లు కొట్టి గేరు వేయండి. అప్పుడు సాఫీగా పడితే పైపులో గాలి ఉంది, లేదా పెడల్ దగ్గరి మాస్టరు సిలిండరు వాషరు పోయింది. గాలి తీయడానికి ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు గేరుబాక్సు దగ్గరి స్లేవ్ సిలిండరు నిపుల్ తెరిచి, బుడగలు పోగానే మూసి, ఆ తర్వాతే పెడల్ వదలమనాలి. డబ్బాలో ఫ్లూయిడు అడుగంటకుండా చూసుకోండి, లేకపోతే తీసిన గాలంతా మళ్లీ లోపలికే. ఫ్లూయిడు రకం డబ్బా మూత మీద రాసి ఉంటుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెచ్చులు లేచిపోతాయి.

గాలి లేకపోయినా అలాగే ఉంటే, ఒకరు పెడల్ నొక్కుతుండగా స్లేవ్ సిలిండరు కడ్డీ ఎంత కదులుతోందో స్కేలు పెట్టి చూడండి. కదలిక సరిపడా ఉండీ గేరు కరకరమంటే తప్పు లోపలే ఉంది. ప్లేటు తిరగేసి బిగించి ఉండాలి, లేదా ఎక్కించేటప్పుడు గేరుబాక్సు వేలాడి హబ్బు వంగి ఉండాలి, లేదా పైలట్ బేరింగు పట్టేసి ఉండాలి. మూడింటికీ దించక తప్పదు. బిగించినవాళ్ల చేతే, దగ్గరుండి విప్పించండి. ప్లేటు ఏ వైపు తిరిగి ఉందో మీ కళ్లతో చూస్తే మాట పడదు.

ప్రశ్న: కొత్త క్లచ్ ఎనిమిది నెలలకే పోయింది. పొలాలకు, ఇసుక రేవుకు, ట్రెయిలరు లాగడానికి బండి వాడతాం. టైర్లు పెద్దవి వేయించాం. స్పేరు నాసిరకమా?
– తాడికొండ

జవాబు: స్పేరు మీద అనుమానం తర్వాత. పెద్ద టైరు వేస్తే గేరు పొడవైనట్టు, కదలడానికి క్లచ్ ఎక్కువసేపు జారాలి. దానికి ట్రెయిలరు తోడైంది. నల్లరేగడి పొలంలో ఒక్క వాన పడితే బురద టైరు గాళ్లలో నిండి చక్రం ఇంకా బరువవుతుంది. అక్కడ ఫస్టు గేరులో హాఫ్ క్లచ్ మీద లాగితే ఒక్క సాయంత్రంలో నెల అరుగుదల. ఫోర్ లో ఉన్నది అందుకే. పొలంలో, ఇసుకలో, ట్రెయిలరు వెనక్కి నెట్టేటప్పుడు లో రేంజి వేసి క్లచ్ పూర్తిగా వదిలేయండి, యాక్సిలరేటరుతోనే పని అవుతుంది. తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్‌లో మలుపులు తిప్పకండి, ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఇసుకలో దిగేముందు టైర్ల గాలి 18–20 పౌండ్లకు తగ్గించి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవడం క్లచ్‌కు మేలు.

ఇంకోటి, వాగు దాటిన బండిని అలాగే రెండు మూడు రోజులు నిలబెడితే తడిసిన ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అంటుకుపోతుంది. పెడల్ దిగుతుంది, గేరు పడదు. దించనక్కర్లేదు. ఇంజను వేడెక్కనిచ్చి ఆపేయండి. ఎదురుగా మనుషులు, గోడలు లేని మైదానంలో ఫోర్ లో ఫస్టు గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్టరు ఇవ్వండి. బండి మెల్లగా కదులుతుంది, అప్పుడు బ్రేకు కొంచెం కొంచెంగా తొక్కితే టక్కుమని ఊడుతుంది. వాగు దాటిన రోజే నాలుగు సార్లు క్లచ్ తొక్కి వదిలి ఆరబెడితే ఈ అవస్థే ఉండదు.

ప్రశ్న: క్లచ్ దగ్గర చప్పుడు వస్తోంది. బేరింగు ఏదో ఎలా తెలుసుకోవాలి?
– పటమట, విజయవాడ

జవాబు: న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా పెడల్ తొక్కితే చప్పుడు వచ్చి, వదిలితే పోతే రిలీజ్ బేరింగు. వదిలినప్పుడు ఉండి, తొక్కితే పోతే గేరుబాక్సు ముందు షాఫ్టు బేరింగు. గేరు వేసి తొక్కి పట్టుకున్నప్పుడే సన్నగా కీచుమంటే పైలట్ బేరింగు. మొదటిదీ మూడోదీ క్లచ్ సెట్టుతో పాటే పోతాయి, రెండోదానికి గేరుబాక్సు విప్పాలి.